బంతి అందరి చేతికీ అందాలి
బాస్కెట్‌బాల్ శిక్షణలో నైపుణ్యం, మనోబలం, సమష్టి ఆట

ముంబయి నగరంలో కామాటిపురా, నాగ్‌పాడా పక్కపక్కనే ఉన్న రెండు పేటలు. మొదటి పేటకు ఆ పేరు తెలుగువారి వల్ల వచ్చింది. పందొమ్మిదో శతాబ్దంలో నిజాం రాజ్యపు తెలంగాణ ప్రాంతం నుండి పని వెతుక్కుంటూ వచ్చి, ఈ నగరపు కట్టడాలకు రాయీ సున్నమూ మోసిన కామాటీలు అక్కడ కాపురాలు పెట్టుకున్నారు. రెండో పేట బాస్కెట్‌బాల్ ఆటకు ప్రసిద్ధి. 1920ల దశకంలో క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మిషనరీ ఆధ్వర్యంలో వెలసిన నాగ్‌పాడా నైబర్‌హుడ్ హౌస్, ఇరుకు గదులలో నివసించే కార్మికుల పిల్లలకు చదువుతో పాటు ఆటలను కూడా అందించింది. తరువాతి కాలంలో టాటా సామాజిక శాస్త్రాల సంస్థగా ఎదిగిన విద్యాలయం 1936లో మొదలైంది ఆ భవనంలోనే. భారత జట్టుకు నాయకత్వం వహించి, 1970లో అర్జున పురస్కారం పొందిన అబ్బాస్ మున్తసిర్ ఆ పేట సందుల నుండి వచ్చిన క్రీడాకారుడు.

ఈ చరిత్రలో ఒక పాఠం ఉంది. పెద్ద స్టేడియం, ఖరీదైన బూట్లు, చల్లని హాలు లేకపోయినా, రెండు స్తంభాలు, రెండు రింగులు, ఓపిక గల ఒక శిక్షకుడు ఉంటే ఒక పేట మొత్తం ఆట నేర్చుకోగలదు. నేడు పురపాలక సంఘాల మైదానాలలో సాయంకాలం పిల్లలకు ఆట నేర్పుతున్నవారిలో అధికులు వృత్తి శిక్షకులు కారు. ఒకప్పుడు కళాశాల జట్టులో ఆడిన ఉద్యోగి కావచ్చు, వ్యాయామ ఉపాధ్యాయుడు కావచ్చు, తన పిల్లను మైదానానికి తీసుకువచ్చి అక్కడే నిలిచిపోయిన తల్లి కావచ్చు. ఈ పాఠం వారిని ఉద్దేశించినది.

ఆట పుట్టుకలోనే ఉన్న సూత్రం

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామోపాధ్యాయుడు ఈ ఆటను రూపొందించాడు. చలికాలంలో నాలుగు గోడల మధ్య ఆడదగిన ఆట ఆయనకు కావలసి వచ్చింది. బంతి పట్టుకొని పరుగెత్తనిస్తే ఎదుటివారు అతనిని పడగొట్టక తప్పదు. గట్టి నేల మీద పడితే ఎముకలు విరుగుతాయి. అందువల్ల బంతి పట్టుకున్నవాడు పరుగెత్తరాదని ఆయన నియమం పెట్టాడు. పరుగెత్తరాదు కనుక బంతిని మరొకరికి అందించక తప్పదు. వ్యాయామశాల వసారాకు పీచు పండ్ల బుట్టలు రెండు తగిలించి, పదమూడు నియమాలు రాసి, పద్దెనిమిది మంది విద్యార్థులను తొమ్మిదేసి మందిగా విడదీసి తొలి ఆట ఆడించాడు. ఆ ఆటలో బుట్టలో పడిన బంతి ఒక్కటే.

నేడు జట్టుకు ఐదుగురు. బంతిని నేలకు కొడుతూ ముందుకు సాగే డ్రిబ్లింగు తరువాత వచ్చి చేరింది. అయినా మూల సూత్రం మారలేదు: ఇది అందించుకునే ఆట. ఈ సంగతిని మరచిన శిక్షణలో బలమైన ఇద్దరు పిల్లలు బంతితో పరుగులు తీస్తూ ఉంటారు; మిగిలిన ముగ్గురు వారి వెనుక ఊరికే తిరుగుతూ ఉంటారు. ఆ ముగ్గురిలో ఒకరు నెల తిరగకముందే మైదానానికి రావడం మానేస్తారు. ఎందుకు మానేశారో ఇంట్లో చెప్పరు. అడిగితే చదువు ఉందంటారు. అలా జారిపోయే పిల్లలలో మెల్లగా ఎదిగేవారు, ఊరికి కొత్తగా వచ్చినవారు, ఆడపిల్లలు ఎక్కువగా ఉంటారు. వారిని నిలుపుకోవడమే శిక్షకుని మొదటి పరీక్ష.

శిక్షకుని మాట ఎలా ఉండాలి

మంచి శిక్షకుడంటే మైదానం అదిరేలా అరిచేవాడని ఒక అభిప్రాయం ఉంది. అమెరికాలోని యు.సి.ఎల్.ఎ. విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షణ ఇచ్చిన జాన్ వుడెన్ 1964 నుండి 1975 వరకు గల పన్నెండేళ్లలో పది జాతీయ విజేత పదవులు సాధించాడు. ఆయన చివరి సీజన్‌లో, అంటే 1974–75లో, రోలండ్ థార్ప్, రోనాల్డ్ గలిమోర్ అనే ఇద్దరు పరిశోధకులు సాధన సమయంలో ఆయన పలికే ప్రతి మాటనూ గమనించి లెక్క వేశారు. మెచ్చుకోలు నూటికి ఏడు పాళ్లకు మించలేదు. కేవలం మందలింపు కూడా దాదాపు అంతే. ఆయన మాటలలో నాలుగింట మూడు వంతులు సూటి సమాచారమే: ఏమి చేయాలి, ఎలా చేయాలి, ఎప్పుడు చేయాలి.

తప్పు జరిగినప్పుడు వుడెన్ ఒక పద్ధతి పాటించేవాడు. మొదట సరైన తీరు చేసి చూపేవాడు. వెంటనే ఆటగాడు చేసిన తీరు చూపేవాడు. మళ్లీ సరైన తీరు చూపేవాడు. అంతా కొద్ది క్షణాలలో ముగిసేది. ఆ పిల్లవాడు తలవంచుకొని ఉపన్యాసం వినే అవసరం ఉండేది కాదు. ఇంకొక విశేషం: ప్రతి ఏటా తొలిరోజున ఆయన నేర్పే మొదటి విషయం మేజోళ్లు ముడత లేకుండా తొడుక్కోవడం, బూట్ల తాళ్లు బిగించి కట్టుకోవడం. ముడతపడిన మేజోడు బొబ్బ తెస్తుంది. బొబ్బ సాధనను ఆపుతుంది. ఎంత గొప్ప జట్టుకైనా శిక్షణ అంత చిన్న విషయం దగ్గర మొదలవుతుందని దీని సారం.

ఈ పద్ధతిని ఏ మైదానంలోనైనా పాటించవచ్చు. "సరిగ్గా ఆడు" అనే మాటలో సమాచారం లేదు. "మోకాళ్లు ఇంకొంచెం వంచు", "బంతి వచ్చేలోపు చేతులు ఛాతీ ఎత్తుకు తెచ్చుకో" అనే మాటలలో ఉంది. మందలించాలనిపించిన ప్రతిసారీ, తరువాతి ప్రయత్నంలో ఆ పిల్ల చేయగల ఒక్క పనిని చెప్పగలనా అని శిక్షకుడు తనను తాను ప్రశ్నించుకోవాలి.

నైపుణ్యాలు: నేల నుండి పైకి

ఆట నేర్చుకోవడం ఇల్లు కట్టడం వంటిది. పునాది కాళ్లలో ఉంటుంది. తొలి వారాలలో నేర్పవలసినది నిలుచునే తీరు: పాదాలు భుజాలంత ఎడంగా, మోకాళ్లు వంగి, నడుము నిటారుగా, తల ఎత్తి ఉండాలి. ఆ తరువాత ఆగడం. పరుగెత్తుతూ వచ్చి రెండు పాదాల మీద ఒక్కసారిగా ఆగడం రాని పిల్లవాడికి బంతి దొరికినా ఉపయోగం ఉండదు; అడుగులు తప్పి ట్రావెలింగ్ అవుతుంది. ఆగిన తరువాత ఒక పాదాన్ని నేలకు నాటి, రెండో పాదంతో చుట్టూ తిరిగే పివట్ నేర్పాలి. బంతి లేకుండానే ఈ మూడింటినీ రోజుకు పది నిమిషాలు చేయించవచ్చు.

బంతిని అందించడం, అందుకోవడం తరువాతి మెట్టు. ఛాతీ నుండి నేరుగా వేసే పాసు, నేలకు ఒకసారి తగిలి వెళ్లే బౌన్స్ పాసు మొదట నేర్పాలి. బౌన్స్ పాసు ఇద్దరి మధ్య దూరంలో దాదాపు మూడింట రెండు వంతుల వద్ద నేలను తాకితే అవతలివారి నడుము ఎత్తుకు సులువుగా చేరుతుంది. అందుకునేవారు బంతి కోసం నిలబడి ఎదురుచూడకూడదు; ఒక అడుగు ముందుకు వేసి బంతిని కలుసుకోవాలి. ఈ ఒక్క అలవాటు వల్లనే ప్రత్యర్థులు లాక్కునే బంతులు ఎన్నో తగ్గుతాయి.

డ్రిబ్లింగులో చూపు ముఖ్యం. పిల్లలు బంతిని చూస్తూ బంతి కొడతారు. అందుచేత ఖాళీగా ఉన్న సహచరుడు కనిపించడు. దీనికి ఒక సులభమైన ఉపాయం ఉంది: శిక్షకుడు ఎదురుగా నిలబడి వేళ్లు చూపుతూ ఉండాలి, పిల్లలు డ్రిబుల్ చేస్తూనే ఎన్ని వేళ్లో గట్టిగా చెప్పాలి. తల దానంతట అదే పైకి లేస్తుంది. బలహీనమైన చేతికి బలమైన చేతి కంటే ఎక్కువ సమయం ఇవ్వాలి.

రింగు దగ్గర చేసే లేఅప్‌ను వెనుక నుండి ముందుకు నేర్పడం మేలు. మొదట రింగు పక్కనే నిలబడి ఎడమ కాలి మీద ఎగిరి కుడి చేత్తో బంతిని బోర్డుకు తాకించాలి. తరువాత ఒక అడుగు, ఆపైన రెండు అడుగులు కలపాలి. కుడి, ఎడమ, ఎగురు అని నోటితో అంటూ చేస్తే చిన్నపిల్లలకు లయ పట్టుబడుతుంది. ఎడమ వైపున ఇదంతా తారుమారు అవుతుంది.

షాటు విషయంలో కొంత లెక్క తెలిసి ఉండటం మంచిది. రింగు లోపలి వ్యాసం 45 సెంటీమీటర్లు. పురుషులు ఆడే ఏడో నంబరు బంతి వ్యాసం సుమారు 24 సెంటీమీటర్లు. బంతి నిటారుగా పైనుండి పడితే రింగు మొత్తం దానికి తెరుచుకొని ఉంటుంది. 45 డిగ్రీల కోణంలో దిగితే ఆ తెరుపు 32 సెంటీమీటర్ల లాగా ఉంటుంది. 30 డిగ్రీల కోణంలో దూసుకు వస్తే 22 సెంటీమీటర్ల పైచిలుకే మిగులుతుంది. అంటే అంచు తగలకుండా బంతి లోపలికి పోలేదు. బంతిని ఎత్తుగా వేయమని శిక్షకులు పదే పదే చెప్పడానికి కారణం ఇదే. ఈ లెక్కను సుద్దముక్కతో నేల మీద గీసి చూపితే పదేళ్ల పిల్లవాడికి కూడా అర్థమవుతుంది.

అయితే ఎత్తుగా వేయాలంటే పిల్లల బలానికి తగిన సామగ్రి ఉండాలి. పెద్దల రింగు నేల నుండి 3.05 మీటర్ల ఎత్తున ఉంటుంది. చిన్నపిల్లల మినీ బాస్కెట్‌బాల్‌లో రింగు ఎత్తు 2.60 మీటర్లు, బంతి ఐదో నంబరు. తొమ్మిదేళ్ల పిల్లకు ఏడో నంబరు బంతి ఇచ్చి పెద్ద రింగుకు వేయమంటే, ఆమె బంతిని నడుము దగ్గర నుండి రెండు చేతులతో విసురుతుంది. ఆ అలవాటు మాన్పించడానికి తరువాత ఏళ్లు పడుతుంది. ఎత్తు తగ్గించగల రింగు లేని చోట, గోడ మీద తగిన ఎత్తున సుద్దతో ఒక చతురస్రం గీసి దానికి గురి పెట్టించడం ఉత్తమం.

ఒకే చోట నిలబడి యాభై షాట్లు వేయించడం చూడటానికి బాగుంటుంది. పిల్లవాడు త్వరగా మెరుగుపడినట్లు కనిపిస్తాడు. కాని 1978లో రాబర్ట్ కెర్, బెర్నార్డ్ బూత్ ప్రచురించిన ప్రయోగం మరొక సంగతి చెప్పింది. ఎనిమిదేళ్ల పిల్లలలో ఒక బృందం మూడు అడుగుల దూరం నుండి మాత్రమే గింజల సంచిని గురికి వేసి సాధన చేసింది. రెండో బృందం రెండు అడుగుల నుండి, నాలుగు అడుగుల నుండి వేసింది. మూడు అడుగుల నుండి ఎన్నడూ వేయలేదు. చివరకు మూడు అడుగుల దూరంలో పరీక్ష పెడితే రెండో బృందమే గెలిచింది. మార్పుతో కూడిన సాధన మనసుకు సర్దుబాటు నేర్పుతుంది. కనుక ఐదేసి షాట్ల తరువాత చోటు మార్చడం, పాసు అందుకొని వేయడం, డ్రిబుల్ చేసి ఆగి వేయడం కలిపి చేయించాలి. సాధనలో తప్పులు ఎక్కువ కనిపించినా శిక్షకుడు కంగారు పడకూడదు.

మనోబలం: నవ్వుతారన్న భయం

ఫ్రీ త్రో ఈ ఆటలో విచిత్రమైన క్షణం. అడ్డుకునేవారు ఉండరు, పరుగు ఉండదు. బోర్డు నుండి 4.60 మీటర్ల దూరంలో గీత వద్ద ఆటగాడు ఒంటరిగా నిలబడతాడు. అందరి కళ్లూ అతని మీదే ఉంటాయి. అక్కడ పరీక్షకు వచ్చేది చేయి కంటే మనసే.

విల్ట్ చాంబర్లెయిన్ కథ ఇందుకు తగిన ఉదాహరణ. 1962 మార్చి 2న ఆయన ఒకే ఆటలో 100 పాయింట్లు సాధించాడు. ఆ రికార్డు నేటికీ చెక్కుచెదరలేదు. ఆనాడు 32 ఫ్రీ త్రోలలో 28 పడ్డాయి. ఆ సీజన్‌లో ఆయన బంతిని మోకాళ్ల మధ్య నుండి రెండు చేతులతో కింది నుండి పైకి వేసేవాడు. ఆ పద్ధతి వల్ల ఆయన సగటు నూటికి 61కి చేరింది. అయినా తరువాత దానిని విడిచిపెట్టాడు; 1967–68 నాటికి సగటు 38కి పడిపోయింది. ఆ తీరులో వేస్తుంటే తనను చూసి అందరూ ఆడంగి అనుకుంటారని సిగ్గుపడ్డానని, అది తన తప్పేనని ఆయన తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు. అదే పద్ధతిని ఎవరి నవ్వునూ లెక్కచేయక జీవితాంతం పాటించిన రిక్ బ్యారీ నూటికి దాదాపు 90 ఫ్రీ త్రోలు వేశాడు.

ప్రపంచంలో అందరికంటే బలవంతుడైన ఆటగాడే నవ్వుకు భయపడి తనకు మేలు చేసే పద్ధతిని వదులుకున్నాడంటే, పన్నెండేళ్ల పిల్ల మాటేమిటి? బలహీనమైన ఎడమ చేతితో డ్రిబుల్ చేయమంటే బంతి జారిపోతుంది, పక్కవారు నవ్వుతారు, ఆమె మళ్లీ కుడి చేతికే మారుతుంది. నేర్చుకోవడం ఆగిపోతుంది. అందువల్ల మైదానంలో మొదటి నియమం ఒకరి తప్పుకు మరొకరు నవ్వరాదన్నది కావాలి. ఆ నియమం శిక్షకునికీ, గట్టు మీద కూర్చున్న తల్లిదండ్రులకూ కూడా వర్తిస్తుంది.

మెచ్చుకోలు విషయంలోనూ జాగ్రత్త అవసరం. 1998లో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ ప్రచురించిన పరిశోధనలో, తెలివైనవారని పొగడ్త పొందిన పిల్లలు తరువాత సులువైన పనులనే కోరుకున్నారు. ఒకసారి ఓటమి ఎదురుకాగానే వెనుకబడ్డారు. బాగా కష్టపడ్డారని మెప్పు పొందినవారు కఠినమైన పనులను ఎంచుకొని నిలదొక్కుకున్నారు. కనుక "నీకు పుట్టుకతోనే ఆట వచ్చు" అనే కంటే "ఈ వారం ఎడమ చేయి వదలకుండా వాడావు, అందుకే ఆ దారి దొరికింది" అనడం మేలు. మొదటి మాట పిల్లకు కాపాడుకోవలసిన పేరును ఇస్తుంది. రెండో మాట మళ్లీ చేయగల పనిని ఇస్తుంది.

ఒత్తిడిని తట్టుకోవడానికి ప్రతి ఆటగాడికీ ఒక చిన్న క్రమం నేర్పాలి. గీత వద్ద నిలబడి బంతిని మూడుసార్లు నేలకు కొట్టడం, ఒక దీర్ఘ శ్వాస వదలడం, రింగు వెనుక అంచును చూడటం, వేయడం. ఏ క్రమమైనా సరే. ప్రతిసారీ అదే కావాలి. ఈ సాధనను అలసిపోయిన తరువాతే చేయించాలి. ఆటలో ఫ్రీ త్రో ఆయాసంలోనే వస్తుంది కనుక, విశ్రాంతిగా నిలబడి వేసిన నూరింటి కంటే పరుగు తరువాత వేసిన పది ఎక్కువ ఉపకరిస్తాయి.

తప్పు జరిగిన తరువాతి క్షణం కూడా నేర్పదగినదే. బంతి పోగొట్టుకున్న పిల్లవాడు తల పట్టుకొని నిలబడితే ఐదుగురి జట్టు నలుగురిదవుతుంది. "పోయింది, వెనక్కి" అని ఒక మాట జట్టంతా అలవాటు చేసుకోవాలి. ఆ మాట వినగానే ఎవరైనా సరే తమ రింగు వైపు పరుగెత్తాలి. పశ్చాత్తాపానికి తీరిక లేకుండా చేయడమే దాని ప్రయోజనం.

జట్టు: ఐదు భాషలు, ఒక బంతి

వలస నగరాలలో ఒక జట్టులోని ఐదుగురు పిల్లల ఇళ్లలో ఐదు భాషలు ఉండవచ్చు. నిన్నమొన్న మహబూబ్‌నగర్ నుండో శ్రీకాకుళం నుండో వచ్చిన పిల్లవాడికి మరాఠీ రాదు, హిందీ తడబడుతుంది. బడిలో మాట్లాడలేనివాడు మైదానంలో కూడా మౌనంగా ఉంటాడు. మౌనంగా ఉన్నవాడికి బంతి రాదు. బంతి రానివాడు ఆట నేర్చుకోలేడు. ఈ గొలుసును తెంచడం శిక్షకుని చేతిలో ఉంది.

మొదటి ఉపాయం ఉమ్మడి మాటల పట్టిక. ఆటకు పది మాటలు చాలు: బాల్, స్క్రీన్, కుడి, ఎడమ, ఆపు, వెనక్కి, నాది, ఖాళీ వంటివి. అవి ఏ భాష నుండి రావాలో పిల్లలే కూర్చొని తేల్చుకోవాలి. కుడి ఎడమలు తెలుగులోనూ, ఆపు అనే మాట మరాఠీలోనూ, ఖాళీ అన్నది హిందీలోనూ ఉంటే నష్టమేమీ లేదు. పైపెచ్చు ప్రత్యర్థులకు అర్థం కాదు. తన భాషలోని ఒక్క మాటను జట్టంతా అరుస్తుంటే కొత్త పిల్లవాడికి కలిగే ధైర్యం ఏ ప్రసంగం వల్లా రాదు.

రెండో ఉపాయం డ్రిబ్లింగు లేని ఆట. సగం కోర్టులో ముగ్గురితో ముగ్గురు ఆడాలి; బంతిని నేలకు కొట్టడం నిషిద్ధం. నైస్మిత్ నాటి నియమమే ఇది. బంతి లేనివారు కదలకపోతే ఆట సాగదు. బలమైన ఆటగాడు కూడా సహచరుని కోసం చూడక తప్పదు. షాటు వేయడానికి ముందు ముగ్గురి చేతికీ బంతి చేరాలని మరొక షరతు కలిపితే, మెల్లనివారిని ఖాళీ చోటుకు ఎలా తేవాలో గట్టి ఆటగాళ్లే ఆలోచించడం మొదలుపెడతారు. ముగ్గురేసి ఆడే ఆట 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ నుండి ఒలింపిక్ క్రీడ కూడా అయింది. దానికి ఒకే రింగు, సగం కోర్టు చాలు; ఇరుకు మైదానాలకు అది వరం.

మూడోది కృతజ్ఞత. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ శిక్షకుడు డీన్ స్మిత్ తన జట్టుకు ఒక అలవాటు నేర్పాడు: బుట్టలో బంతి వేసినవాడు, తనకు పాసు ఇచ్చినవాని వైపు వేలు చూపాలి. చూసేవారు పాయింటు వేసినవానికే చప్పట్లు కొడతారు. ఆ వేలు చప్పట్లను ఇద్దరికీ పంచుతుంది. ఖర్చు లేని ఈ అలవాటును మొదటి రోజు నుండే పెట్టవచ్చు.

నాలుగోది నోటుపుస్తకం. సాధారణంగా శిక్షకులు పాయింట్లు రాసుకుంటారు. దానికి బదులు వారానికి ఒకసారి, పది నిమిషాల ఆటలో ఏ పిల్ల చేతికి బంతి ఎన్నిసార్లు అందిందో గీతలు గీసుకోవాలి. ఆ కాగితం చాలాసార్లు శిక్షకుని కళ్లు తెరిపిస్తుంది. ఒకరి పేరు ఎదుట ఇరవై గీతలు, మరొకరి పేరు ఎదుట రెండే గీతలు ఉంటే, ఆ రెండు గీతల పిల్ల ఎందుకు నిరుత్సాహంగా ఉందో వేరే చెప్పనక్కరలేదు. లోపం ఆమె ఆటలో ఉందా, ఆమె నిలుచునే చోటులో ఉందా, సహచరుల చూపులో ఉందా అని అప్పుడు విచారించవచ్చు.

ఆడపిల్లలు, ఆరోగ్యం

ఈ ఆటలో ఆడపిల్లలకు తొలినుండీ చోటు ఉంది. ఆట పుట్టిన మరుసటి ఏడాదే, 1892లో, సెండా బెరెన్సన్ అనే అధ్యాపకురాలు స్మిత్ కళాశాలలో యువతులకు దీనిని నేర్పింది. మన దేశపు మహిళా జట్టు 2017లో బెంగళూరులో జరిగిన మహిళల ఆసియా కప్ బి డివిజన్‌లో విజేతగా నిలిచింది. అయినా పదమూడు, పద్నాలుగేళ్లు రాగానే అమ్మాయిలు మైదానానికి దూరమవుతున్నారు. ఇంటి పని, చీకటి పడిన తరువాతి ప్రయాణం, దుస్తుల గురించి పెద్దల సంకోచం, మైదానంలో శుభ్రమైన మరుగుదొడ్డి లేకపోవడం ఇందుకు కారణాలు. వీటిని ఇంటి వ్యవహారాలని వదిలేయక, సాధన సమయం వెలుతురు ఉండగానే ముగిసేలా చూడటం, కాలి నిండుగా దుస్తులు వేసుకొని ఆడేందుకు అంగీకరించడం, తల్లులను వచ్చి చూడమని పిలవడం శిక్షకుడు చేయగల పనులు. వెలుతురు దీపాలు, మరుగుదొడ్ల విషయమై వార్డు కార్యాలయానికి తల్లిదండ్రులందరూ కలిసి రాతపూర్వకంగా విన్నవించుకోవచ్చు.

ఎగిరి దిగే ఆటలలో మోకాలి లోపలి బంధనం తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకు ఎక్కువ. దిగేటప్పుడు రెండు పాదాల మీద, మోకాళ్లు వంచి, అవి లోపలికి వాలకుండా, చప్పుడు రాకుండా దిగడం నేర్పితే ఆ ప్రమాదం తగ్గుతుంది. ప్రతి సాధనకూ ముందు ఐదు నిమిషాలు దీనికే కేటాయించాలి. వాన పడి తడిసిన సిమెంటు కోర్టు మీద ఆట వద్దు. ఆ రోజు చావడిలో నిలబడి పాసులు, పివట్, నియమాల చర్చ చేయవచ్చు. ఎండాకాలంలో ప్రతి పావుగంటకూ నీళ్లు తాగించాలి. తల తిరుగుతోందని చెప్పిన పిల్లను వెంటనే నీడకు చేర్చాలి. ఓర్చుకోమనడం శిక్షణ కాదు.

ఒక సాయంత్రపు సాధన: తొంభై నిమిషాలు

మొదటి పది నిమిషాలు శరీరాన్ని వేడెక్కించడం, ఎగిరి దిగడం. తరువాతి పదిహేను నిమిషాలు ఆగడం, పివట్, రెండు చేతుల డ్రిబ్లింగు. ఇరవై నిమిషాలు చోట్లు మారుస్తూ లేఅప్‌లు, షాట్లు. పదిహేను నిమిషాలు డ్రిబ్లింగు లేని ముగ్గురేసి ఆట. ఇరవై నిమిషాలు ఐదుగురేసి పూర్తి ఆట. శిక్షకుడు దీనిని రెండు మూడుసార్లకు మించి ఆపరాదు. ఆయాసం తీరకముందే ఐదు నిమిషాలు ఫ్రీ త్రోలు. చివరి ఐదు నిమిషాలు గుండ్రంగా కూర్చొని, ఈ రోజు సహచరులలో ఎవరు తనకు సాయపడ్డారో ప్రతి ఒక్కరూ ఒక్క వాక్యంలో చెప్పాలి. ఏ భాషలో చెప్పినా సరే. ఈ చివరి భాగాన్ని ఆలస్యమైందని ఎగవేయకూడదు. జట్టు కుదిరేది అక్కడే.

ఫలితాన్ని ఎలా కొలవాలి

పిల్లలందరూ పెద్ద ఆటగాళ్లు కారు. వారిలో ఒకరిద్దరు జిల్లా జట్టుకు వెళితే అది సంతోషమే. కాని పురపాలక మైదానపు శిక్షణను ఆ ఒకరిద్దరితో కొలవడం న్యాయం కాదు. జూన్‌లో చేరిన ఇరవై మందిలో మార్చి నాటికి ఎందరు మిగిలారు, రెండు గీతల పిల్లకు ఇప్పుడు ఎన్ని గీతలు వస్తున్నాయి, భాష రాని పిల్లవాడు ఇప్పుడు "నాది" అని గట్టిగా అరుస్తున్నాడా అన్నవి సరైన కొలతలు. కామాటిపురాలో ఇళ్లు కట్టుకున్న తొలితరం వారికి ఈ నగరం చోటు ఊరకే ఇవ్వలేదు. వారు ఒకరి చేతి నుండి ఒకరి చేతికి ఇటుక అందించుకుంటూ దానిని సంపాదించుకున్నారు. మైదానంలో బంతి అందించుకునే పిల్లలు నేర్చుకుంటున్నదీ ఆ విద్యే.

చర్చకు ప్రశ్నలు

1. గత సాధనలో శిక్షకుడు పలికిన మాటలలో సమాచారం ఎంత, మందలింపు ఎంత? ఒక తల్లి గాని తండ్రి గాని గట్టు మీద కూర్చొని పది నిమిషాలు లెక్కించి చూడండి.
2. జట్టులో బంతి అతి తక్కువసార్లు అందిన పిల్ల ఎవరు? అందుకు మూడు కారణాలు ఊహించి, ఒక్కొక్కదానికి ఒక మార్పు సూచించండి.
3. ఇతరులు నవ్వుతారన్న భయంతో పిల్లలు మీ మైదానంలో ఏ నైపుణ్యాన్ని సాధన చేయడం మానుకుంటున్నారు?
4. మీ జట్టు ఉమ్మడి మాటల పట్టికలో ఏయే భాషల మాటలు ఉన్నాయి? ఎవరి ఇంటి భాష ఇంకా చేరలేదు?